తప్పొస్తే ఏం చెయ్యమంటారు?

ఆ కార్ఖానాలో ఆవిడని అందరూ కంప్యూటరమ్మాయి అనే పిలుస్తారు. వయసు నలభై రెండు. ఇద్దరు పిల్లల తల్లి, చెవుల దగ్గర జుట్టు నెరిసింది, మెట్లెక్కితే మోకాలు కలుక్కుమంటుంది. అయినా అమ్మాయే. పద్దెనిమిదేళ్ళ కిందట కంప్యూటర్లో బిల్లులు కొట్టే పనికని మేనమామ వెంట ఆ గడప తొక్కిన రోజున పడిన పేరు అది. మార్చే ఓపిక ఎవరికీ లేకపోయింది.

అక్కడ కాళ్ళు తయారుచేస్తారు. నిజం కాళ్ళు పోయినవాళ్ళకి పెట్టుడు కాళ్ళు. తీసేయగా మిగిలిన కాలి భాగం చుట్టూ చేతి కెమెరా తిప్పి దాని ఆకారం తీస్తారు. ఆ ఆకారం కంప్యూటర్లోకి వెళ్తుంది. కంప్యూటరు చెప్పినట్టు పక్కగదిలో ఒక మిషన్ ఫోము దిమ్మెని అచ్చం ఆ ఆకారంలో చెక్కుతుంది. దిమ్మె మీద వేడి ప్లాస్టిక్ రేకు కప్పి, చల్లారాక లోపలి ఫోము పగలగొట్టి తీసేస్తే తొడుగు మిగులుతుంది. మనిషి కాలు కూర్చునేది ఆ తొడుగులో. కింద గొట్టం, పాదం ఎవరైనా బిగిస్తారు, అదేం బ్రహ్మవిద్య కాదు. తొడుగు కుదిరితే మనిషి నడుస్తాడు. కుదరకపోతే నడవడు. మొండిగా నడిస్తే నెత్తురు కారుతుంది.

తొడుగుల దగ్గర పెద్దమేస్త్రిది ఆఖరి మాట. ఆయనే కంప్యూటరమ్మాయి మేనమామ. మిషన్ రాకముందు ముప్ఫై ఏళ్ళు ప్లాస్టర్ ముద్దల్ని ఆకురాయితో గీకి కాళ్ళు చేసిన మనిషి. మిషన్ వచ్చాక కూడా ఆకురాయి జేబులోనే పెట్టుకు తిరిగేవాడు. పెళ్ళిళ్ళకి కూడా అలాగే వెళ్ళేవాడని అత్తయ్య గోల.

ఎనిమిది నెలల కిందట కంప్యూటర్లో డిస్కుకి వయసు మీదపడింది. ఏ ఆకారం డిస్కులో ఏయే ముక్కల్లో ఉందో రాసిపెట్టుకునే పట్టిక ఒకటుంటుంది. ఆ పట్టికలో తప్పులు దొర్లడం మొదలైంది. కంప్యూటర్ని నడిపే వ్యవస్థని రాసినవాళ్ళు ముందుచూపున్నవాళ్ళే. పట్టికలో తప్పు కనిపిస్తే ఏం చెయ్యమంటారో ముందే అడిగి పెట్టారు. మూడు జవాబులు: ఆగిపో, చదువు గానీ రాయకు, కానివ్వు. వాళ్ళు పెట్టి పంపించింది మొదటిది. కాబట్టి తప్పు కనిపించినప్పుడల్లా మిషన్ సగం చెక్కిన దిమ్మెతో ఠక్కున ఆగిపోయి, తెర నిండా ఎర్రటి అక్షరాలు చూపించేది. రోజుకి రెండుసార్లు, మూడుసార్లు.

మేనేజరు గారికి ఆ ఎరుపు కంట్లో నలుసైంది.

"అమ్మాయ్, ఆ ఎరుపు రాకుండా చూడు," అన్నారు. తప్పు రాకుండా చూడమని అనలేదు, ఎరుపు రాకుండా చూడమన్నారు. ఇప్పుడు తల్చుకుంటే తేడా తెలుస్తోంది. అప్పుడు ఎవరికి తెలిసింది?

పెద్దమేస్త్రి కూడా తక్కువ తినలేదు. "నీ మిషన్‌కి తెల్లారి లేస్తే అలకేనా? బతిమాలితే గానీ కదలదా?" అని అందరి ముందూ దెప్పాడు.

కంప్యూటరమ్మాయికి రోషం పొడుచుకొచ్చింది. తప్పుల్ని సరిచేసే ప్రోగ్రాము ఒకటి నడిపించింది. అది ప్రతి తప్పు దగ్గరా ఆగి, ఈ ముక్క వీళ్ళదేనా, ఇలా రాసుకోమంటారా అని అడగడం మొదలెట్టింది. నలభై ప్రశ్నలకి చదివి జవాబు చెప్పింది. నలభై ఒకటో ప్రశ్నకి విసుగొచ్చి, అవుననే మీట మీద స్టాప్లర్ బరువు పెట్టి టీ తాగడానికి వెళ్ళిపోయింది. తిరిగొచ్చేసరికి మూడొందల ప్రశ్నలకి స్టాప్లర్ జవాబు చెప్పేసింది. అదీ చాలదన్నట్టు, ఆగిపో అన్న మాట చెరిపేసి కానివ్వు అని పెట్టింది. ఎరుపు పోయింది. మేనేజరు గారు ఆవిడ ఫొటో నోటీసు బోర్డు మీద పెట్టించారు. ఆ పైవారమే అగ్నిమాపక సూచనల కాగితం వచ్చి సరిగ్గా ఆ ఫొటో మీద పడింది గానీ, గౌరవం గౌరవమే.

తర్వాత కొన్నాళ్ళకి దిమ్మెల మీద మెట్టు రావడం మొదలైంది. పైనుంచి నున్నగా దిగుతూ వచ్చి, ఒకచోట గోరంత ఎత్తులో చిన్న అంచు. ఆ అంచు కింద మళ్ళీ నున్నగా. పెద్దమేస్త్రి ఆకురాయి తీసి గీకేసేవాడు. ఒక దిమ్మెకి, రెండు దిమ్మెలకి, నెల తిరిగేసరికి మూడింట ఒకదానికి. మిషన్ అన్నాక మెట్టు రాదా అనుకున్నారందరూ. పని జరిగే వరుస రాసి గోడకి అంటించిన కాగితంలో మేనేజరు గారు కొత్త అంకె వేయించారు: నాలుగు, మెట్టు గీకుట. అచ్చులో పడ్డాక ఇంక దాన్నెవరు అనుమానిస్తారు?

అలా ఉండగా పెద్దమేస్త్రికి కుడికంట్లో శుక్లం ముదిరి ఆపరేషన్ పడింది. మూడు వారాలు ఇంట్లో కూర్చోబెట్టారు. ఆయన చోట రెండో మేస్త్రి నిలబడ్డాడు. నెమ్మదస్తుడు, నోట్లో నాలుక లేని మనిషి. గోడ మీది కాగితం చూసి ఒకటి, రెండు, మూడు చేశాడు. నాలుగోది కూడా చేశాడు.

ఆ మూడు వారాల్లో తయారైన తొమ్మిది కాళ్ళలో ఒకటి కండక్టరమ్మది.

కండక్టరమ్మ రెండేళ్ళ కిందట డిపోలో వెనక్కి వస్తున్న బస్సు కింద పడింది. ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. అప్పట్నుంచి డిపోలోనే, ప్రయాణికులు మర్చిపోయిన వస్తువుల గదిలో గొడుగులకి చీటీలు కడుతోంది. ఆ గదిని వచ్చే నెలలో ఎత్తేస్తున్నారు. ఈ సోమవారం డిపో డాక్టరు పెట్టే నడక పరీక్షలో నెగ్గితే మళ్ళీ బస్సెక్కుతుంది. నెగ్గకపోతే పరీక్ష మళ్ళీ ఆర్నెల్లకి. గొడుగుల గది ఉండదు, బస్సు ఉండదు. ఇంటికే.

బుధవారం పదకొండింటికి ఆవిడ కార్ఖానాకి వచ్చింది. కాలు తీసుకెళ్ళి పది రోజులైంది.

"కాలెలా ఉందక్కా?" అంది కంప్యూటరమ్మాయి.

"భేషుగ్గా ఉంది. బంగారంలాంటి కాలిచ్చారు. లోపల వేసుకునే సాక్సులు ఇంకో రెండు ఇప్పిస్తావా? పాతవి ఎంత ఉతికినా మరక పోవట్లేదు."

"ఏం మరక?"

"ఏముందమ్మా, మామూలేగా."

కంప్యూటరమ్మాయి సాక్సులు తీయబోయిన చెయ్యి అలాగే ఆపింది. "అక్కా, కాలు తియ్యి," అంది.

"అబ్బే, బాగానే ఉందంటుంటే..."

"తియ్యక్కా."

తీసింది. సాక్సు కింది భాగం చర్మానికి అంటుకుపోయి ఉంది. నీళ్ళు పెట్టి తడిపితే గానీ ఊడలేదు. పిక్క దగ్గర రూపాయి బిళ్ళంత మేర చర్మం లేచిపోయింది. కండక్టరమ్మ మొహం పక్కకి తిప్పుకుని కిటికీలోంచి ఎటో చూస్తూ కూర్చుంది.

"ఎన్ని రోజుల్నుంచి?"

"మొదటి రోజునుంచీ. చెబితే కాలు వెనక్కి తీసుకుంటారు, సోమవారానికి ఇవ్వరు. అలవాటవుతుందిలే అని ఊరుకున్నా."

కంప్యూటరమ్మాయి లేచింది. వెళ్ళి కండక్టరమ్మ ఆకారాన్ని తెర మీద తెరిచి, చుట్టూ తిప్పి చూసింది. పైన రెండు వంతులు సన్నగా, ఆడమనిషి కాలు. కింది వంతు దిమ్మిస కొట్టినట్టు బలంగా ఉంది. మధ్యలో గోరంత మెట్టు.

ఫోను చేస్తే అరగంటలో పెద్దమేస్త్రి ఆటో దిగాడు. కంటికి తెల్లటి కప్పు, దాని మీద నల్లద్దాలు, జేబులో ఆకురాయి. అత్తయ్యకి మందుల దుకాణానికని చెప్పి వచ్చాడట. తొడుగులో చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, లోపల ఒక చుట్టు తడిమాడు.

"పైన ఈ అమ్మాయే," అన్నాడు. "కింద ఈ అమ్మాయి కాదు. ఎవరో మగాడు. పరిగెత్తే అలవాటున్నవాడు."

కంప్యూటరమ్మాయి ఆ నెల జాబితా చూసింది. కండక్టరమ్మ ఆకారం తీసిన మర్నాడు ఒక డ్రిల్లు మాస్టారి ఆకారం తీశారు. పట్టికలో ఇద్దరికీ ఒకే ముక్క రాసిపెట్టి ఉంది. వెనకొచ్చిన మాస్టారు ముందున్న కండక్టరమ్మ మీద పడ్డాడు. డ్రిల్లు మాస్టారి పిక్కలో పది రోజులుగా కండక్టరమ్మ కాలు ఇరుక్కుని నడుస్తోంది.

"మావయ్యా, ఈ మెట్లు వచ్చినప్పుడల్లా ఇంతేనా? కింద వేరే మనిషేనా?"

"ఒక్కోసారి."

"నీకు తెలుసా?"

"తెలియకేం? చూస్తే తెలియదూ? మెట్టు గీకి, కింద కూడా మనిషిని బట్టి సరిచేసి పంపిస్తున్నా."

"ఎనిమిది నెలల్నుంచీనా!"

"గీకితే పోతోంది కదే. దానికి ఊరంతా దండోరా వెయ్యాలా?"

కంప్యూటరమ్మాయికి ఒళ్ళు మండిపోయింది. మావయ్య మీద అంత కోపం పుట్టి బుద్ధెరిగాక రాలేదు. "నువ్వు ఒక్క మాట చెప్పుంటే మొదటి వారంలోనే డిస్కు మార్చేసేదాన్ని కదా!" అని అరిచింది. రెండో మేస్త్రి చేతిలో దిమ్మెతో గుమ్మంలో నిలబడిపోయాడు.

"నీ మిషన్ నీకు చెప్పలేదా?" అన్నాడు పెద్దమేస్త్రి.

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. ఎరుపు చూపించొద్దని చెప్పింది గానీ, రాసుకోవద్దని ఆవిడ చెప్పలేదు. మిషన్ జరిగిందంతా రాసుకునే ఫైలు ఒకటుంది. ఎనిమిది నెలల్లో దాన్ని తెరిచినవాళ్ళు లేరు. తెరిచింది. పదకొండు వేల చిల్లర వరుసలున్నాయి. ప్రతి వరుసలోనూ తేదీ, టైము, తర్వాత ఒకటే మాట: తప్పు కనిపించింది, మీరు చెప్పినట్టే కొనసాగుతున్నాను. నిన్నటిది కూడా ఉంది. ఇవాళ పొద్దుటిది కూడా ఉంది. కంప్యూటరమ్మాయికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. మావయ్యని అరిచినంత గట్టిగా తనని తాను అరుచుకోవడం ఎలాగో తెలియక, కుర్చీలో అలాగే కూర్చుండిపోయింది.

తర్వాత లేచి మేనేజరు గారి గదికి వెళ్ళి, స్టాప్లర్ దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పేసింది. ఆకారాలు పోతే పనికొస్తుందని తీసే రెండో కాపీ సంగతీ చెప్పింది. రోజూ సాయంత్రం శ్రద్ధగా తీస్తున్న కాపీలో తప్పులు కూడా అంతే శ్రద్ధగా చేరాయని. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు.

"ఇప్పుడేమంటావు?"

"మళ్ళీ ఆగిపో అని పెడతాను సార్. కొత్త డిస్కు మంగళవారం వస్తుంది."

"అంటే రోజూ పని ఆగుతుంది."

"ఆగుతుంది."

"మధ్యలో ఒకటుందన్నావే? చదువు గానీ రాయకు. అది పెట్టు. అటూ ఇటూ కాకుండా."

"రాయకపోతే కొత్తగా పాడవదు సార్, అంతవరకు మంచిదే. కానీ పాడైంది పాడైనట్టే చదివి పెడుతుంది. చెక్కేటప్పుడు మనం చేసేది చదవడమే కదా. ఆ మాస్టారి పిక్క రేపు కూడా ఈవిడ కాలికిందే ఉంటుంది."

గుమ్మం దగ్గర ఊతకర్రల మీద నిలబడి వింటున్న కండక్టరమ్మ కలగజేసుకుంది. "ఇందులో ఇంత ఆలోచించడానికేముంది సార్? తలుపు సరిగ్గా పడకపోతే మేం ఒక గంట కొడతాం. బస్సు ఆగుతుంది. లోపలున్న నలుగురూ తిడతారు. తిట్టనీ. తలుపు పడ్డాక రెండు గంటలు కొడతాం. పోతుంది. తలుపు ఊగుతున్నా పోనివ్వమని ఇరవై ఏళ్ళలో నేనెప్పుడూ అనలేదు."

"మరి కాలు నెత్తురు కారుతుంటే పది రోజులు ఎందుకూరుకున్నావమ్మా?" అన్నారు మేనేజరు గారు.

కండక్టరమ్మ ఊతకర్రలు సర్దుకుని బెంచీ వైపు తిరిగింది.

ఆ సాయంత్రం కంప్యూటరమ్మాయి ఆగిపో అని పెట్టింది. పెద్దమేస్త్రి చెయ్యి పడని తొమ్మిది కాళ్ళ జాబితా తీసి, కండక్టరమ్మ పోగా మిగిలిన ఎనిమిది మందికీ ఫోన్లు చేసింది. కాలెలా ఉందండీ, ఏమైనా ఇబ్బందిగా ఉందా అని అడిగింది. ఎనిమిది మందీ బాగుందన్నారు. డ్రిల్లు మాస్టారైతే, "దివ్యంగా ఉందమ్మా, పొద్దున్నే రెండు మైళ్ళు నడుస్తున్నా," అన్నాడు. హమ్మయ్య అనుకుని ఎనిమిది పేర్ల పక్కనా టిక్కులు పెట్టింది.

పుండు ఎండటానికి కండక్టరమ్మ మూడు రోజులు కాలు పెట్టుకోలేదు. శనివారం పొద్దున్నే ఆకారం కొత్తగా తీశారు. దిమ్మె బిగించారు. మిషన్ చెక్కడం మొదలుపెట్టింది. గాజు పెట్టె ముందు అందరూ నిలబడ్డారు: మేనేజరు గారు, రెండో మేస్త్రి, ఒంటికన్నుతో పెద్దమేస్త్రి, ఊతకర్రలతో కండక్టరమ్మ. పై వంతు నున్నగా దిగింది. రెండో వంతు దిగింది. కింది వంతు మొదట్లో మిషన్ ఠక్కున ఆగిపోయింది. తెర ఎర్రబడింది.

కొత్తగా తీసిన ఆకారాన్ని కూడా ఆ పట్టిక పాత ముక్కల మీదే రాసింది. ఇంకోసారి తీస్తే? తీశారు. అదే చోట ఆగింది.

చివరికి మేనేజరు గారు గొంతు సవరించుకున్నారు. "ఈ ఒక్కసారికి కానివ్వమను. కిందది మీ మావయ్య గీకుతాడు కదా."

"ఒంటికన్నుతోనా సార్? ఎవరి కాలు దిగుతుందో మనకి తెలియదు. దాన్ని సగం నమ్మి, సగం గీకి..."

కండక్టరమ్మ ఊతకర్ర ఒకటి గోడకి ఆనించి కంప్యూటరమ్మాయి చెయ్యి పట్టుకుంది. "కానివ్వవే తల్లీ. నీకు పుణ్యముంటుంది. ఒక్క మాట మారిస్తే అయిపోతుందన్నావు కదా. సోమవారం ఒక్కరోజు గడిస్తే చాలు. నెత్తురొస్తే రానీ, నేను పడతాను."

మూడు రోజుల కిందట ఇరవై ఏళ్ళ లెక్క చెప్పిన మనిషే. కంప్యూటరమ్మాయికి ఏడుపొచ్చింది. ఆవిడ ఉద్యోగం పోతే దానికి కారణం తనే, ఇంకెవరూ కాదు. ఒక్క మాట మార్చడానికి పది సెకన్లు పట్టదు. ఆ పది సెకన్లలోనే ఎనిమిది నెలల కిందట కూడా మార్చింది.

"కాదక్కా," అంది. "నన్ను తిట్టు. మార్చను." అంటూనే కంప్యూటర్ కట్టేసింది.

కండక్టరమ్మ తిట్టింది. బాగానే తిట్టింది. ఇరవై ఏళ్ళు జనం మధ్య నిలబడి పనిచేసిన నోరది. తిట్టి, బెంచీ మీద కూలబడి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ గోలంతా అయ్యాక పెద్దమేస్త్రి జేబులోంచి ఆకురాయి తీశాడు. "ప్లాస్టర్ సంచి ఎక్కడుందిరా?" అని రెండో మేస్త్రిని అడిగాడు. చేత్తో కాలు చేసి ఆయనకి తొమ్మిదేళ్ళయింది. తడి ప్లాస్టర్ గుడ్డలు కండక్టరమ్మ కాలికి చుట్టి, గట్టిపడ్డాక ఊడదీసి, దాంట్లో ప్లాస్టర్ పోసి, అచ్చు తీసి, కూర్చుని గీకాడు. కంటితో తెలియనిచోట బొటనవేలితో తడిమాడు. అత్తయ్య ఫోన్ల మీద ఫోన్లు చేసింది. మందుల దుకాణంలో జనం ఎక్కువగా ఉన్నారని చెప్పించాడు.

ఆదివారం మధ్యాహ్నానికి తొడుగు తయారైంది. ఇక తొడిగి, నడిపించి, నొక్కే చోటల్లా వేడిగాలి తగిలించి ప్లాస్టిక్‌ని వెలుపలికి తొయ్యాలి. ఎక్కడ నొక్కుతోందో చెప్పాల్సింది తొడుక్కున్న మనిషే. పెద్దమేస్త్రి మేనేజరు గారి బల్ల మీది ఇత్తడి గంట తెప్పించి కండక్టరమ్మ చేతిలో పెట్టాడు. "నీకు తెలిసిన భాషేగా. నొప్పి పుడితే ఒకటి కొట్టు. బాగుంటే రెండు. నోటితో మాత్రం ఏమీ చెప్పకు, నీ నోటి మీద నాకు నమ్మకం లేదు."

నడిచింది. నాలుగడుగులు వేసి రెండు కొట్టింది. పెద్దమేస్త్రి ఒంటికన్నుతో ఆవిడ దవడ వంక చూశాడు.

"పళ్ళు బిగబట్టి రెండు కొడితే ఒప్పుకోను. నువ్వు అబద్ధం కొడితే నేను గుడ్డివాణ్ణమ్మా. ఇప్పుడైతే సగం గుడ్డివాణ్ణే. మళ్ళీ నడు."

మళ్ళీ నడిచింది. ఈసారి చాలాసేపు గంట వైపు చూసి, ఒకటి కొట్టింది. ఆయన తొడుగు తీసి, వేడిచేసి, నొక్కాడు. ఆ మధ్యాహ్నం ఒకటి పద్నాలుగుసార్లు మోగింది. పదిహేనోసారి రెండు మోగింది. దవడ వదులుగానే ఉంది.

సోమవారం కంప్యూటరమ్మాయి సెలవు పెట్టి డిపోకి తోడు వెళ్ళింది. డాక్టరు సన్నగా, రివటలా ఉన్నాడు. చేతిలో అట్ట, అట్టకి బిగించిన కాగితం. ఇరవై నిమిషాల నడక అయింది. బస్సు మెట్లు పదిసార్లు ఎక్కి దిగడం అయింది. ఆఖరిది నడుస్తున్న బస్సులో దేన్నీ పట్టుకోకుండా నిలబడటం. డిపో ఆవరణలో అయిదు చుట్లు. డాక్టరు, కండక్టరమ్మ ఎక్కారు. కంప్యూటరమ్మాయిని ఎక్కనివ్వలేదు. టైర్ల గుట్ట పక్కన నిలబడి చూసింది.

ఒక చుట్టు. రెండో చుట్టు. మూడో చుట్టులో బస్సు వర్క్‌షాపు వెనక మలుపు తిరిగింది. కనబడటం మానేసింది. అప్పుడు వినిపించింది గంట. ఒకటే.

ఇంజను చప్పుడు తగ్గింది. బస్సు ఆగిపోయింది.

అయిపోయింది అనుకుంది కంప్యూటరమ్మాయి. నొప్పికి గంట కొట్టడం ఆవిడకి నేర్పింది మనమే. నోరు మూసుకుని నిలబడి ఉంటే ఇంకో రెండు చుట్లు, అంతే కదా. ఎందుకు కొట్టింది? ఎందుకు కొట్టించాం? వాచీ చూసుకుంది. ఒక నిమిషం. రెండు. టైర్ల మీద కాకి ఒకటి వచ్చి వాలింది. మూడు నిమిషాలు. నాలుగో నిమిషంలో గంట మోగింది. ఒకటి, వెంటనే ఇంకొకటి. బస్సు మలుపు తిరిగి వచ్చింది. కండక్టరమ్మ నడవ మధ్యలో, రెండు చేతులూ వదిలేసి నిలబడి ఉంది. మిగిలిన చుట్లు ఆగకుండా తిరిగింది.

డాక్టరు దిగి అట్ట మీద చాలాసేపు రాశాడు. కంప్యూటరమ్మాయి ఉండబట్టలేక, "మధ్యలో ఆగినందుకు..." అంది.

"ఆగిందని రాశాను. సాక్సు మడత పడి నొక్కుతోందట. కూర్చుని, తీసి, సర్దుకుని, తొడుక్కుంది. అదీ రాశాను." ఆయన తలెత్తలేదు. "కిందటిసారి ముగ్గురికి పరీక్ష పెట్టాను. ఒక్కరూ ఆగలేదు. ఎలా ఉందంటే బాగుందన్నారు. ముగ్గురినీ పంపించాను. ఇద్దరు ఇప్పుడు ఆస్పత్రిలో ఉన్నారు." కాగితం మీద ముద్ర కొట్టి కండక్టరమ్మకి ఇచ్చాడు. డ్యూటీ వచ్చే ఒకటో తారీఖు నుంచి.

కండక్టరమ్మ ఆ కాగితం చదివి, మళ్ళీ చదివి, మడిచి జాకెట్లో పెట్టుకుంది. ఏడుస్తూ నవ్వింది. "శనివారం తిట్టినవన్నీ వెనక్కి తీసుకుంటున్నా," అంది. "ఒకటి రెండు తప్ప."

కంప్యూటరమ్మాయి తిరిగొచ్చేసరికి కార్ఖానాలో మధ్యాహ్నం విరామం. విషయం చెబితే పెద్దమేస్త్రి ఊఁ అన్నాడు. రెండో మేస్త్రి గోడ మీది కాగితంలో నాలుగో అంకె మీద గీత కొట్టేసి ఉంచాడు. ఎవరు కొట్టమన్నారో తెలియదు. ఆవిడ తన బల్ల ముందు కూర్చుంది. ఎనిమిది పేర్ల జాబితా అక్కడే ఉంది. ఎనిమిది టిక్కులు.

బాగుంది, బాగుంది, దివ్యంగా ఉంది.

చాలాసేపు ఆ టిక్కుల్నే చూసింది. తర్వాత రబ్బరు తీసుకుని ఎనిమిదింటినీ చెరిపేసింది. మొదటి పేరు డ్రిల్లు మాస్టారిది. కండక్టరమ్మ మీద పడినవాడు సరే, ఆయన మీద ఎవరు పడ్డారో ఎవరికి తెలుసు? ఫోను చేసింది.

"బాగుందని మొన్ననే చెప్పాను కదమ్మా," అన్నాడాయన హుషారుగా. "పొద్దున్న కూడా నడిచొచ్చాను."

"కాలి సంగతి కాదు మాస్టారూ. మీ సాక్సు ఎలా ఉంది?"

అవతల్నుంచి చప్పుడు లేదు. ఫోను పెట్టేశాడేమో అనుకుంది. పెట్టెయ్యలేదు, ఊపిరి వినబడుతోంది.

"నీకెవరు చెప్పారమ్మా?" అన్నాడు మాస్టారు. గొంతులో హుషారు లేదు.

"ఎవరూ చెప్పలేదండీ. మీరు చెప్పండి, రాసుకుంటాను," అని కంప్యూటరమ్మాయి పెన్సిల్ తీసుకుంది.